హరికేన్ కాలంలో క్రూజ్ ప్రయాణం: ఓడ అనుకున్న రోజుకు బయలుదేరుతుందో లేదో తెలుసుకోవడం ఎలా

ఫ్లోరిడా, టెక్సస్, లూసియానా రేవుల నుంచి కరీబియన్ సముద్రం వైపు వెళ్లే క్రూజ్‌కు టికెట్ తీసుకున్నవారు తుపాను వార్త వినగానే సాధారణంగా చేసే మొదటి పని, తాము చూడబోయే దీవుల్లో వాతావరణం ఎలా ఉంటుందో వెతకడం. అది చూడకూడదని కాదు గాని, ఓడ బయలుదేరడానికీ ఆ దీవుల్లో కురిసే వానకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. క్రూజ్ నౌక 20 నాట్లకు పైగా వేగంతో, అంటే గంటకు సుమారు 23 మైళ్ల వేగంతో పోగలదు. ఉష్ణమండలంలో తుపాను కదిలే వేగం చాలా సందర్భాల్లో గంటకు 10 నుంచి 15 మైళ్లు మాత్రమే. కాబట్టి నడిసముద్రంలో ఉన్న ఓడ తుపానును తప్పించుకోగలదు. రేవుకు ఆ వీలు లేదు. బయలుదేరే తేదీ మారిందంటే దానికి కారణం దాదాపు ఎప్పుడూ రేవు మూతపడడమో, లేదా ముందటి ప్రయాణం ముగించుకుని రావలసిన ఓడ ఆ రేవులోకి రాలేకపోవడమో అయి ఉంటుంది. ఈ రెండు విషయాలను గమనిస్తూ ఉంటే, కంపెనీ నుంచి ఈమెయిల్ రాకముందే ఏం జరగబోతోందో చాలావరకు ఊహించవచ్చు.

కాలం, గాలి వేగం

అట్లాంటిక్ హరికేన్ కాలం అధికారికంగా జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. ఆ ఆరు నెలలూ ఒకేలా ఉండవు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు తుపాన్లు ఎక్కువ, సెప్టెంబరు 10 ప్రాంతంలో అవి అత్యధికంగా కనిపిస్తాయి. అయినా క్యాలెండరును పూర్తిగా నమ్ముకోవడానికి లేదు. 2024లో బెరిల్ అనే హరికేన్ జులై ఆరంభంలోనే అన్నింటికన్నా తీవ్రమైన అయిదో కేటగిరీకి చేరింది. అట్లాంటిక్ రికార్డుల్లో సంవత్సరంలో అంత ముందుగా ఆ స్థాయిని అందుకున్న హరికేన్ మరొకటి లేదు. అదే తుపాను జులై 8న టెక్సస్ తీరం దాటింది. కాలిఫోర్నియా నుంచి మెక్సికో పశ్చిమ తీరానికి వెళ్లే ఓడలకు తూర్పు పసిఫిక్ కాలం వర్తిస్తుంది. అది ఇంకా ముందుగా, మే 15న మొదలవుతుంది.

గాలి వేగం గంటకు 38 మైళ్ల వరకు ఉన్నంతకాలం దానిని వాయుగుండంగానే పరిగణిస్తారు. 39 మైళ్లకు చేరితే అది ఉష్ణమండల తుపాను అవుతుంది, పేరు పెడతారు. 74 మైళ్లకు చేరితే హరికేన్. అక్కడి నుంచి అయిదు కేటగిరీలు ఉన్నాయి. వార్తాఛానళ్లు కేటగిరీ గురించే పదేపదే చెబుతాయి గాని, ఓడ ప్రయాణికుడు గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కటే: 39 మైళ్లు, నావికుల లెక్కలో 34 నాట్లు. రేవును మూయాలా వద్దా అన్న నిర్ణయం ఆ స్థాయి గాలి ఎప్పుడు వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. మొదటి కేటగిరీ హరికేనూ నాలుగో కేటగిరీ హరికేనూ తీరానికి కలిగించే నష్టంలో పోలికే లేదు. కానీ మీ ఓడ ఆ సాయంత్రం కదులుతుందా అన్న ప్రశ్నకు రెండూ ఒకే జవాబు ఇవ్వవచ్చు.

సూచనలను చదవడం

మయామిలోని జాతీయ హరికేన్ కేంద్రం వెబ్‌సైటు ఒక్కటే ఈ పనికి చాలు. ఓడ కదలడానికి వారం రోజుల ముందు నుంచి అందులోని ఏడు రోజుల ముందస్తు పటాన్ని రోజుకు ఒకసారి చూడండి. తుపాను ఏర్పడే అవకాశం 40 శాతం కన్నా తక్కువైతే పసుపు, 40 నుంచి 60 శాతమైతే నారింజ, అంతకు మించితే ఎరుపు రంగుతో ఆ ప్రాంతాన్ని గుర్తిస్తారు. ఎరుపు రంగు కనిపించినంత మాత్రాన ప్రయాణం మానుకోవలసిన అవసరం లేదు. అప్పటి నుంచి రోజుకు ఒకసారి కాక రెండు సార్లు చూడవలసి ఉంటుంది, అంతే. తుపాను ఏర్పడిన తరువాత పూర్తి స్థాయి బులెటిన్లు ఆరు గంటలకొకసారి వెలువడతాయి; వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు తూర్పు అమెరికా కాలమానం ప్రకారం అవి ఉదయం 5, 11 గంటలకు, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు వస్తాయి. తీరానికి హెచ్చరికలు జారీ అయితే మధ్యలో మూడు గంటలకొకసారి కూడా సమాచారం ఇస్తారు. ఈ వేళలు తెలిసినవారు మిగతా సమయంలో టీవీ కట్టేసుకుని నిశ్చింతగా ఉండవచ్చు, ఎందుకంటే రెండు బులెటిన్ల నడుమ వినిపించేదంతా చాలావరకు పాత బులెటిన్‌కు వ్యాఖ్యానమే.

అందరికీ తెలిసిన శంకువు ఆకారపు పటాన్ని తప్పుగా అర్థం చేసుకునేవారు చాలామంది. ఆ శంకువు తుపాను విస్తీర్ణాన్ని చూపదు; తుపాను కేంద్రం ఏ దారిన పోవచ్చో మాత్రమే చూపుతుంది. అది కూడా సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లో మాత్రమే కేంద్రం ఆ గీతల లోపల ఉంటుంది. గాలి, అలలు, వాన శంకువుకు బయట వందల మైళ్ల దూరం వరకు ఉండవచ్చు. మీ రేవు శంకువుకు బయట ఉంది కనుక భయం లేదనుకోవడం, లోపల ఉంది కనుక ప్రయాణం రద్దయినట్టేననుకోవడం, రెండూ తొందరపాటే.

దానికన్నా ఎంతో ఉపయోగపడే పటం మరొకటి అదే వెబ్‌సైటులో ఉంది, దానిని చూసేవారు తక్కువ. 39 మైళ్ల గాలులు ఏ ప్రాంతానికి ఏ సమయానికి చేరవచ్చో అది చూపుతుంది. అందులో రెండు రకాలున్నాయి: ఎక్కువ అవకాశం ఉన్న సమయం ఒకటి, తొందరగా వస్తే ఎంత తొందరగా రావచ్చో చెప్పేది మరొకటి. రేవు అధికారులు ముందుజాగ్రత్త వైపే మొగ్గుతారు కనుక మీరు కూడా రెండో రకాన్నే చూడండి. ఆ సమయం మీ ఓడ బయలుదేరే గంటకు 24 గంటల అటూ ఇటూగా ఉంటే, ప్రణాళికలో ఏదో ఒక మార్పు తప్పదనే అనుకోవాలి.

అయిదు రోజుల ముందు వేసిన అంచనాకు ఒక రోజు ముందు వేసిన అంచనాకు ఉన్న తేడాను కూడా మనసులో పెట్టుకోవాలి. ఒక రోజు ముందు చెప్పిన స్థానానికి, తుపాను వాస్తవంగా చేరే స్థానానికి మధ్య తేడా సగటున 30 నాటికల్ మైళ్ల (మామూలు మైలు కన్నా కొంచెం పెద్దదైన సముద్రపు మైలు) ప్రాంతంలో ఉంటే, అయిదు రోజుల ముందటి అంచనాలో అది 150 నాటికల్ మైళ్లు దాటుతుంది. ఫ్లోరిడా తీరంలో 150 మైళ్లంటే ఒక రేవు మూతపడి పక్క రేవు మామూలుగా నడిచేంత దూరం. కంపెనీలు చివరి క్షణం వరకు నిర్ణయం చెప్పవని ప్రయాణికులు విసుక్కుంటారు గాని, ఈ అంకెలు చూస్తే వాటి ఆలస్యం అర్థం లేనిదేమీ కాదని తెలుస్తుంది. అయిదు రోజుల ముందే రద్దు చేసి, ఆ తరువాత తుపాను ఉత్తరంగా మళ్లిపోతే వేలమంది ప్రయాణం అకారణంగా చెడిపోయినట్టవుతుంది.

రేవు ఎప్పుడు మూతపడుతుంది

అమెరికా రేవులను మూసే అధికారం క్రూజ్ కంపెనీకి లేదు, రేవు యాజమాన్యానికి కూడా పూర్తిగా లేదు. ఆ అధికారం కోస్ట్ గార్డ్‌కు చెందిన ఓడరేవు కెప్టెన్ అనే అధికారిది. ఆయన నాలుగు దశల్లో ఆదేశాలు ఇస్తారు. 39 మైళ్ల గాలులు 72 గంటల్లో రావచ్చనుకుంటే విస్కీ, 48 గంటల్లో అయితే ఎక్స్-రే, 24 గంటల్లో అయితే యాంకీ, 12 గంటల్లో అయితే జులు. ఇంగ్లీషు వర్ణమాలలోని చివరి నాలుగు అక్షరాలకు నావికులు వాడే పేర్లు ఇవి. కనుక అక్షరం చివరకు పోయేకొద్దీ ప్రమాదం దగ్గరపడుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

విస్కీ దశలో ప్రయాణికుడికి ఏ తేడా తెలియదు, ఓడలు వస్తూ పోతూనే ఉంటాయి. ఎక్స్-రేలో పెద్ద ఓడలన్నీ తాము ఎప్పుడు రేవు వదిలి వెళతాయో చెప్పాలి, ఉండదలచినవి అనుమతి కోరాలి. యాంకీ ప్రకటించగానే సాధారణంగా బయటి నుంచి వచ్చే ఓడలను లోపలికి రానివ్వరు. జులులో రాకపోకలన్నీ ఆగిపోతాయి. క్రూజ్ ప్రయాణికుడికి కీలకమైనది యాంకీ దశ. ఎందుకంటే మీ ఓడ అప్పటికి ఇంకా సముద్రంలోనే ఉంటే, అది మిమ్మల్ని ఎక్కించుకోవడానికి లోపలికి రాలేదు. ఈ ప్రకటనలు స్థానిక కోస్ట్ గార్డ్ విభాగం, రేవు యాజమాన్యం ఇద్దరూ వెంటనే విడుదల చేస్తారు. ఏ రేవు ఏ విభాగం కిందికి వస్తుందో ముందే చూసి పెట్టుకోవడం మంచిది: మయామి, పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ రేవులు మయామి విభాగం కిందికి, పోర్ట్ కెనావరల్ జాక్సన్‌విల్ విభాగం కిందికి, టాంపా సెయింట్ పీటర్స్‌బర్గ్ విభాగం కిందికి వస్తాయి.

తుపాను వస్తుంటే ఓడ రేవులోనే కట్టేసి ఉండవచ్చు కదా అన్న సందేహం సహజం. కానీ పదిహేను, ఇరవై అంతస్తుల ఎత్తున్న క్రూజ్ నౌక పక్కభాగం గాలికి ఒక పెద్ద తెరచాపలా పనిచేస్తుంది. ఆ ఒత్తిడికి మోకులు తెగవచ్చు, ఉప్పెనకు నీటిమట్టం పెరిగి ఓడ గట్టుకు ఢీకొనవచ్చు. అందువల్ల ఓడలు రేవు ఖాళీ చేసి సముద్రంలోకి పోతాయి. గాలి అంత తీవ్రంగా లేనప్పుడు కూడా ఇరుకైన కాలువ గుండా ఓడను తీసుకుపోవడం కష్టమవుతుంది; పైగా స్థానిక కాలువ తెలిసి ఓడకు దారి చూపే రేవు పైలట్ చిన్న పడవలో వచ్చి తాడునిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కవలసి ఉంటుంది, అలలు పెరిగితే ఆ పని ఆపేస్తారు. పైలట్ లేనిదే ఓడ లోపలికీ రాదు, బయటికీ పోదు.

అన్ని రేవులూ ఒక్కలాంటివి కావు. మయామి, పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ సముద్రానికి ఆనుకుని ఉంటాయి కనుక తెరిచిన తరువాత త్వరగా కోలుకుంటాయి. టాంపాకు పొడవైన కాలువ గుండా, సన్‌షైన్ స్కైవే వంతెన కింది నుంచి రావాలి. న్యూ ఆర్లీన్స్‌కు మిసిసిపీ నదిలో సుమారు 100 మైళ్లు ఎదురు ప్రయాణం చేయాలి. ఆ నదిలో ఎక్కడ అడ్డంకి వచ్చినా ఓడ ఆగినట్టే. ఇంకా టికెట్ తీసుకోనివారు, సెప్టెంబరులో తప్ప సెలవు దొరకనివారు, రేవును ఎంచుకునేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

తుపాను దాటిపోయినంత మాత్రాన రేవు తెరుచుకోదు. చాలామంది ప్రయాణికుల అంచనా తప్పేది ఇక్కడే. నీలాకాశం కనిపిస్తుంటే ఓడ ఎందుకు రాలేదని అడుగుతారు. కాలువ అడుగున ఇసుక మేట వేసిందేమో, ఏదైనా పడవ మునిగి అడ్డుగా ఉందేమో నీటి అడుగును కొలిచి చూడాలి. దారి చూపే బోయాలు స్థానం తప్పి ఉంటే సరిచేయాలి. టెర్మినల్‌కు కరెంటు, నీళ్లు రావాలి. సామాను మోసేవారు, కస్టమ్స్ అధికారులు తమ ఇళ్లు చక్కబెట్టుకుని విధులకు రాగలగాలి. 2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ ఫ్లోరిడా పశ్చిమ తీరంలో సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. కానీ రాష్ట్రాన్ని అడ్డంగా దాటి అట్లాంటిక్‌లోకి పోయే ఆ తుపాను వల్ల తూర్పు తీరాన ఉన్న పోర్ట్ కెనావరల్ కూడా మూతపడింది. 2019 సెప్టెంబరులో డోరియన్ ఫ్లోరిడా తీరాన్ని దాటనే లేదు. బహామాస్‌లోని గ్రాండ్ బహామా దీవి మీద ఒక రోజుకు పైగా కదలకుండా నిలిచింది. ఎప్పుడు ఎటు కదులుతుందో తెలియని ఆ నిలకడ వల్ల పోర్ట్ కెనావరల్ కొన్ని రోజులపాటు మూసి ఉంచవలసి వచ్చింది. వేగంగా పోయే పెద్ద హరికేన్ కన్నా నెమ్మదిగా నడిచే తుపాను వల్లే ఓడల షెడ్యూలు ఎక్కువగా చెడుతుంది.

మీ ఓడ ఇప్పుడు ఎక్కడ ఉంది

క్రూజ్ నౌక తెల్లవారుజామున రేవుకు చేరి, వచ్చినవారిని దించి, అదే రోజు సాయంత్రం కొత్తవారితో తిరిగి బయలుదేరుతుంది. మధ్యలో ఖాళీ రోజంటూ ఉండదు. అందువల్ల మీ ప్రయాణం ముందటి ప్రయాణానికి కట్టుబడి ఉంటుంది. ఓడల స్థానాన్ని చూపే మెరైన్‌ట్రాఫిక్ వంటి వెబ్‌సైట్లలో మీ ఓడ పేరు కొట్టి, అది ప్రస్తుతం ఎక్కడ ఉందో, తుపాను దానికీ మీ రేవుకూ మధ్య ఉందో లేదో చూడండి. తుపాను ఆ దారికి అడ్డంగా ఉంటే ఓడ ఒక రోజు ముందే వచ్చి మిమ్మల్ని ఎక్కించుకోవచ్చు, లేదా చుట్టూ తిరిగి ఆలస్యంగా రావచ్చు. ముందటి ప్రయాణికులకు చివరి దీవిని మాన్పించి ఓడను తొందరగా వెనక్కి తెస్తున్నారంటే, మీ ఓడను ముందుగా పంపించే ఆలోచన ఉన్నట్టు అనుకోవచ్చు.

2017 ఆగస్టు 25న హార్వీ టెక్సస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. అదే రాష్ట్రంలోని క్రూజ్ రేవు గాల్వెస్టన్ అక్కడికి చాలా దూరం. హరికేన్ కేంద్రం ఆ రేవును తాకలేదు. అయినా తుపాను ఆ ప్రాంతంలోనే తచ్చాడుతూ రోజుల తరబడి వాన కురిపించడంతో గాల్వెస్టన్ రేవు మూతపడింది. తిరిగి రావలసిన కార్నివాల్ కంపెనీ ఓడల్లో ఫ్రీడమ్, వేలర్ న్యూ ఆర్లీన్స్‌కు పోయి ఆహారం, ఇంధనం నింపుకున్నాయి. మరో కంపెనీ రాయల్ కరీబియన్ వారి లిబర్టీ ఆఫ్ ది సీస్ మయామికి మళ్లింది. ఆ ఓడలు ఎక్కవలసినవారి దృష్టిలో తుపాను ఎప్పుడో తీరం దాటేసింది, కానీ ఓడ మాత్రం వేరే రాష్ట్రంలో ఉంది.

నడిసముద్రంలో ఉన్న ఓడ తుపానును ఎలా తప్పించుకుంటుందన్నది ప్రయాణికుడు చేయగలిగిన పని కాకపోయినా, తెలిస్తే ఆందోళన తగ్గుతుంది. నావికులు 34 నాట్ల గాలి ఉన్న ప్రాంతంలోకి పోకుండా చూసుకుంటారు. దానికి తోడు ఒకటి-రెండు-మూడు అనే సూత్రం ఉంది: తుపాను అంచనాలో ఉండే పొరపాటుకు గాను ఒక రోజు తరువాతి స్థానం చుట్టూ 100, రెండు రోజుల తరువాతి స్థానం చుట్టూ 200, మూడు రోజుల తరువాతి స్థానం చుట్టూ 300 నాటికల్ మైళ్లను అదనంగా వదిలేస్తారు. ఉత్తరార్ధగోళంలో తుపాను నడిచే దిశకు కుడివైపున గాలి ఎక్కువ తీవ్రంగా ఉంటుంది కనుక, దగ్గరగా పోక తప్పనప్పుడు ఎడమవైపును ఎంచుకుంటారు. ఇంత చేసినా తుపానుకు వందల మైళ్ల దూరంలో కూడా పొడవాటి అలలు వస్తాయి, ఓడ ఊగుతుంది. ఒడుదొడుకులు పడనివారు కింది అంతస్తుల్లో, ఓడ మధ్యభాగంలో గది తీసుకోవాలి. చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చే దీవుల్లో ఎండ కాస్తున్నా ఆ అలల వల్లే దిగడం కుదరకపోవచ్చు.

పెద్ద కంపెనీలు ఈ పనికి సొంత ఏర్పాట్లు చేసుకున్నాయి. రాయల్ కరీబియన్‌కు చెందిన ఆంథెమ్ ఆఫ్ ది సీస్ 2016 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో ఒక శీతాకాలపు తుపానులో చిక్కుకుని న్యూజెర్సీకి తిరిగివచ్చింది. మరుసటి సంవత్సరం ఆ కంపెనీ ఒక ప్రధాన వాతావరణ నిపుణుడిని నియమించుకుంది. కార్నివాల్ మయామిలో తన ఓడలన్నింటినీ గమనించే కేంద్రాన్ని 2018లో ప్రారంభించింది. హరికేన్ రోజుల్లో ఓడ ఎటు పోవాలన్నది కెప్టెన్, ఈ కేంద్రాలు కలిసి తేల్చుకుంటాయి.

ఏం జరగవచ్చు, అప్పుడు ఏం చేయాలి

అన్నింటికన్నా తరచుగా జరిగేది దారి మారడం. తూర్పు కరీబియన్‌కు పోవలసిన ఓడ పశ్చిమానికి, అంటే మెక్సికోలోని కోజుమెల్ వంటి రేవులకు పోతుంది. బయలుదేరే గంట మారదు, మీరు చేయవలసిందీ పెద్దగా ఉండదు. ఓడ కంపెనీ ద్వారా కొన్న, దీవుల్లో దిగి చేసే విహారాల డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. బయటివారి దగ్గర కొన్నవాటికి మీరే అడగాలి, అందువల్ల హరికేన్ నెలల్లో బయట బుక్ చేసేటప్పుడు ఓడ రాకపోతే డబ్బు తిరిగిస్తామని రాసి ఉందో లేదో చూసి కొనడం మంచిది.

తరువాతిది బయలుదేరే సమయం కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో జరగడం. అలాంటప్పుడు ప్రయాణం అన్ని రోజులు కుదించుకుపోతుంది. కొత్త సమయం చెప్పేవరకు టెర్మినల్‌కు వెళ్లకండి. అక్కడ పార్కింగ్ కూడా మూసి ఉంటుంది, తీరంలో ఖాళీ చేయమన్న ఆదేశాలు కూడా అమల్లో ఉండవచ్చు. అరుదుగా జరిగినా ఎక్కువ నష్టం చేసేది దీనికి పూర్తిగా విరుద్ధమైనది: తుపాను రాకముందే రేవు వదలాలని ఓడ అనుకున్న గంటకన్నా ముందే బయలుదేరడం. మధ్యాహ్నం మూడు గంటలకు చేరుకోవచ్చులే అనుకున్నవారు అప్పటికి ఓడను కోల్పోతారు. హరికేన్ కాలంలో కనీసం ఒక రోజు ముందు, తుపాను ఏర్పడిందని తెలిస్తే రెండు రోజుల ముందు రేవు ఉన్న నగరానికి చేరాలని చెప్పేది ఇందుకే. ఒకవేళ తుపాను ఆ నగరం మీదికే వస్తుంటే మాత్రం ఈ సలహా తిరగబడుతుంది: హోటల్లో చిక్కుకోవడం కన్నా ఇంటి దగ్గర ఆగి కంపెనీ మాట కోసం చూడడమే మేలు.

కంపెనీ సందేశం మీకు నేరుగా చేరేలా చూసుకోండి. ఏజెంటు ద్వారా టికెట్ కొన్నప్పుడు బుకింగులో ఏజెంటు ఫోను, ఈమెయిల్ మాత్రమే ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. సందేశం ఆదివారం రాత్రి వస్తే ఆయన సోమవారం దాకా చూడకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైటులో మీ సొంత నంబరు చేర్చి, ఫోను సందేశాలకు అనుమతి ఇచ్చి, యాప్ కూడా పెట్టుకోండి.

అన్నింటికన్నా ముఖ్యంగా, భయపడి మీరే ముందుగా టికెట్ రద్దు చేసుకోవద్దు. చివరి వాయిదా కట్టిన తరువాత, అంటే సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు గడువు దాటాక, ప్రయాణికుడు తనంత తానుగా మానుకుంటే రద్దు రుసుము పడుతుంది. ఆఖరి రోజుల్లో అది మొత్తం సొమ్ముకు సమానమవుతుంది. అదే కంపెనీ రద్దు చేస్తే మొత్తం డబ్బు తిరిగివస్తుంది, చాలాసార్లు తరువాతి ప్రయాణానికి కొంత రాయితీ కూడా ఇస్తారు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల విషయంలో 2022 నుంచి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ (అమెరికా నౌకాయాన నియంత్రణ సంస్థ) నిబంధన ఒకటి ఉంది: ప్రయాణం రద్దయినా, ఎక్కే తేదీ మూడు రోజులు లేదా అంతకు మించి వాయిదా పడి మీరు వెళ్లకూడదనుకున్నా, డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంది. అంతకన్నా తక్కువ ఆలస్యానికి మాత్రం టికెట్ ఒప్పందమే ఆధారం, ఆ ఒప్పందాలన్నీ దారి మార్చే హక్కును, రేవులను వదిలేసే హక్కును కంపెనీకే ఇస్తాయి. వదిలేసిన రేవుకు కట్టిన పన్నులు, రుసుములు సాధారణంగా ఓడలోని మీ ఖాతాలో జమ అవుతాయి. ప్రయాణం కుదించుకుపోతే తగ్గిన రోజులకు తగినట్టు కొంత సొమ్ము తిరిగివ్వడం వాడుక.

విమానం, బీమా, కాగితాలు

ఓడ టికెట్ సొమ్ము వచ్చినా విమానం, హోటల్ ఖర్చు కంపెనీ ఇవ్వదు. విమానాన్ని విమాన సంస్థే రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. విమానం మామూలుగా నడుస్తూ ఓడ మాత్రమే ఆలస్యమైతే ఆ నష్టం మీదే. అయితే తుపాను ప్రాంతానికి వెళ్లే టికెట్లను రుసుము లేకుండా మార్చుకునే వెసులుబాటును విమాన సంస్థలు చాలాసార్లు ప్రకటిస్తాయి. ఆ ప్రకటన రాగానే మార్చుకోవాలి, ఆలస్యమైతే సీట్లు దొరకవు. క్రూజ్ కంపెనీ ద్వారానే విమానం కూడా కొన్నవారికి కొత్త టికెట్ల ఏర్పాటులో వారి సాయం ఉంటుంది. వేసవి చివర ప్రయాణించేవారికి ఆ సౌకర్యం కోసం కొంత ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు.

బీమా విషయంలో ఒకే ఒక్క నియమం మిగతా వాటినన్నింటినీ మించినది: తుపానుకు పేరు పెట్టిన తరువాత కొన్న పాలసీ ఆ తుపాను వల్ల వచ్చే నష్టాన్ని భరించదు. కనుక టికెట్ కొన్న వారంలోనే బీమా తీసుకోవాలి. ఏ కారణంతోనైనా మానుకునే వీలిచ్చే పాలసీలు కూడా ఉన్నాయి. అవి సాధారణంగా ఖర్చులో 50 నుంచి 75 శాతం వరకే ఇస్తాయి, మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేయాలి. తుపాను భయంతో మానుకోవాలనుకునేవారికి పనికొచ్చేది ఈ రకం పాలసీయే. మామూలు పాలసీ భయానికి పరిహారం ఇవ్వదు.

పాస్‌పోర్టు సంగతి. ఒకే అమెరికా రేవులో మొదలై అక్కడే ముగిసే ప్రయాణాలకు అమెరికా పౌరులు జనన ధ్రువపత్రం, ఫొటో గుర్తింపు కార్డుతో కూడా వెళ్లవచ్చు. కానీ తుపాను వల్ల విదేశీ రేవులో దిగి విమానంలో తిరిగి రావలసి వస్తే అవి చాలవు. ఇతర దేశాల పాస్‌పోర్టులతో అమెరికాలో ఉంటున్నవారు ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఓడ ఏ దేశానికి మళ్లుతుందో ముందుగా చెప్పలేం. వీసా స్టాంపు గడువు తీరినా, చెల్లుబాటయ్యే ఐ-94 (అమెరికాలో ప్రవేశించినట్టు ఇచ్చే రికార్డు) ఉంటే మెక్సికోకు 30 రోజుల్లోపు పోయి రావచ్చన్న నిబంధనను నమ్ముకుని మెక్సికో క్రూజ్ ఎక్కేవారు కొందరు ఉంటారు. ఎఫ్ (విద్యార్థి), జె (మార్పిడి కార్యక్రమాల) వీసాలవారికి దగ్గరి దీవులకు కూడా ఆ సౌకర్యం ఉంది గాని, హెచ్-1బి వంటి వీసాలవారికి కెనడా, మెక్సికోలకే పరిమితం. తుపాను వల్ల ఆ ఓడ బహామాస్‌కు పోతే తిరిగి ప్రవేశించడం చిక్కుల్లో పడుతుంది. హరికేన్ కాలంలో గడువు ఉన్న వీసా లేకుండా ఓడ ఎక్కకపోవడమే క్షేమం.

తిరుగు ప్రయాణానికి కూడా ఇవే కారణాలు వర్తిస్తాయి: మీరు ఓడలో ఉండగా రేవు మూతపడితే ఓడ ఒకటి రెండు రోజులు సముద్రంలోనే ఉంటుంది, లేదా మరో రేవుకు పోతుంది. రోజూ వేసుకునే మందులను కనీసం నాలుగు రోజులకు అదనంగా, చేతిసంచిలోనే పెట్టుకోండి. కారును రేవులో నిలిపేటప్పుడు ఉప్పెన నీరు చేరే కింది అంతస్తును వదిలి పై అంతస్తులో నిలపండి. ఓడ దిగిన రోజే విమానం ఉంటే మధ్యాహ్నం తరువాతిది తీసుకోండి, మరుసటి రోజు తప్పనిసరిగా హాజరు కావలసిన పని ఏదీ పెట్టుకోకండి. ఎంపిక చేతిలో ఉన్నవారు సెప్టెంబరు తేదీలను వదిలి, అదే ఓడకు నవంబరు చివరి వారాల్లో ధర ఎలా ఉందో ఒకసారి చూడవచ్చు.